రోడ్డు వైపు సాళ్ళు

మా మేనమామ బాలస్వామికి సొంతంగా సెంటు భూమి లేదు. అయినా మా ఊళ్ళో నేల గురించి ఆయన మాట్లాడినంతగా ఇంకెవరూ మాట్లాడరు. "నేలతల్లి" అన్న మాట మాత్రం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆ మాట పట్టాలున్నవాళ్ళు మైకు ముందు వాడుకునేది. మావయ్య నేల గురించి చెబుతుంటే ఇంట్లో మంచాన పడ్డ మనిషి గురించి చెబుతున్నట్టు ఉంటుంది. "దీనికి తిన్నది అరగడం లేదురా అల్లుడా" అంటాడు. "మొన్నటికంటే నయం, ఇవాళ నీళ్ళు తాగింది" అంటాడు.

మా ఊరు జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉంటుంది. సిమెంటు లారీలు ఆగకుండా తిరుగుతుంటాయి. దారి పక్క చేలల్లో ఏ ఆకు మీదైనా వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్ములోనే మావయ్య ఇరవై ఏళ్ళ పాటు ఇతరుల పత్తి చేలకీ మిర్చి తోటలకీ మందు కొట్టాడు. వీపున ట్యాంకు, మూతికి తుండుగుడ్డ. సాయంత్రం ఇంటికొచ్చి ఎంత రుద్దుకుని స్నానం చేసినా మా అత్త సౌభాగ్యమ్మ ఆయన కంచం వేరుగా పెట్టేది. "అన్నం ముద్ద కూడా మందు వాసనేస్తందయ్యా నీ చేతిలో" అనేది. ఊళ్ళో ఆయనకి అప్పుడున్న పేరల్లా "మందు కొట్టే బాలస్వామి".

ఆ పని చేస్తూనే ఆసామి వీరరాఘవయ్య గారి మెట్ట చెలక కౌలుకి తీసుకున్నాడు.

మా వైపు కౌలు ఎలా నడుస్తుందో తెలియకపోతే మావయ్యకి జరిగింది అర్థం కాదు. ఇక్కడ కౌలు కాగితం మీద ఉండదు. ఉగాది నాడు ఆసామి వసారాలో నిలబడి మాట తీసుకోవాలి. ఆ మాట మళ్ళీ ఉగాది దాకా. ఒకే మనిషి ఒకే చేను రెండు మూడేళ్ళు వరుసగా చేస్తే ఆసామికి గుబులు పుడుతుంది, వీడు పాతుకుపోతాడేమోనని, రేపు ఏదో చట్టం చూపించి నాదంటాడేమోనని. అందుకని చేనన్నా మారుస్తాడు, మనిషినన్నా మారుస్తాడు. ఇందులో పగలూ కోపాలూ ఏమీ ఉండవు. కాలవ నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడికి తిప్పినట్టు మనుషుల్ని తిప్పుతారు. అందుకే కౌలు చేనుకి ఎవడూ పెంట తోలడు. ఈ ఏడు తోలిన పెంట పని చేసేది మూడో ఏట, ఆ మూడో ఏట ఆ చేలో ఉండేది ఇంకొకడు. అదే సంచి ఎరువైతే చల్లిన పంటకే పని చేసి పోతుంది. మా నేలలు ఎందుకు సారం చచ్చాయో తేల్చడానికి నందిగామలో షామియానాలు వేసి సభలు పెడుతుంటారు. ఉగాది నాడు ఏ ఆసామి వసారాలోనైనా ఓ మూల కూర్చుంటే చాలు, తెలిసిపోతుంది.

వీరరాఘవయ్య గారి చెలకకి మాత్రం ఈ తిప్పుడు లేదు. అది సుద్ద నేల. పలుగు దిగితే తెల్లటి సుద్ద, దాని కింద పలక రాయి. వాన పడితే పైపైనే జారిపోతుంది, ఎండ కాస్తే బండలా అవుతుంది. అడిగేవాడు లేక ప్రతి ఉగాదికీ అది మావయ్యకే మిగిలేది. వీరరాఘవయ్య గారు నవ్వుతూ, "ఇంకా దాన్ని వదల్లేదా బాలస్వామీ?" అనేవారు. "నేనూ అదీ ఒకరికొకరం అలవాటైపోయామండి" అనేవాడు మావయ్య. ఆ చేను చెడ్డది కావడమే ఆయనకి రక్ష. ఈ సంగతి అప్పుడు ఆయనకీ తట్టలేదు, పుస్తకాలు చదువుతానని పేరున్న నాకూ తట్టలేదు.

ఆయన సంచి ఎరువు మానేసింది పుణ్యం కోసం కాదు. ఆ ఏడు యూరియాకి కటకట వచ్చింది. జగ్గయ్యపేటలో జనం చీకటితోనే వచ్చి చెప్పులు వరుసలో పెట్టి, నీడ ఉన్నచోట కూర్చున్నారు. మావయ్య వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కౌంటరు వెనక కుర్రాడు పాస్‌పుస్తకం అడిగాడు.

"కౌలు చేనండి."

"అయితే ఆసామిని రమ్మను."

"ఆయన నందిగామలో మంచాన పడి ఉన్నారండి."

"నువ్వు కూడా పోయి పడుకో పెద్దాయనా. పక్కకి జరుగు, నెక్స్ట్."

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. మావయ్య ఇంటికి వచ్చి చెప్పులు గోడకేసి కొట్టాడు. "వాళ్ళ గింజ ఎరువు నా చేలో పడితే ఒట్టు" అన్నాడు. ఇప్పుడు ఆయన గురించి చెప్పేవాళ్ళు, రసాయనాల కీడు తెలుసుకుని మారిన రైతు అని చెబుతారు. ట్యాంకు మోసినవాడికి కీడు తెలియకుండా ఉంటుందా? తెలిసే మోశాడు. మారింది మాత్రం ఆ కుర్రాడు నవ్వించిన నవ్వుకి.

మొదట గొర్రెలు. పంటలు ఎత్తేశాక కోదాడ వైపు నుంచి మందలు మా వైపు వస్తాయి. మందని చేలో పడుకోబెడితే వాటి పెంటికలూ మూత్రమూ నేలకి పడతాయి. మావయ్య ఒక మంద కాపరిని బతిమాలి చేనుకి తీసుకొచ్చాడు. కాపరి చేను చూసి నోరు తెరిచాడు.

"గీ రాళ్ళల్ల నా జీవాలు యాడ పండుకుంటయ్ పెద్దయ్యా? కాళ్ళిరగవా?"

"రాళ్ళేరి పెడతాలే. పరుపులు కూడా వెయ్యమంటావా?"

"ఎయ్యి, ఎయ్యి. పరుపులేస్తే నేను గూడ ఈడనే పండుకుంట."

మావయ్యా అత్తా కలిసి రాళ్ళేరారు. ఏరినకొద్దీ లోపలివి తేలుతున్నాయి. "పిల్లల్ని కన్నట్టు కంటందయ్యా ఈ చేను రాళ్ళని" అంది అత్త. ఎండాకాలంలో చెరువు మట్టి తోలించి పరిచాడు. తొలకరికి జనుము చల్లాడు. అది నడుమెత్తు పెరిగి పసుపు పచ్చగా పూతకి వచ్చాక అరకలు కట్టి దున్ని నేలలో తొక్కించేశాడు. గట్టు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు.

"ఏం బాలస్వామీ, కొయ్యడానికి కూలీలు దొరకలేదా?"

"నేలకి పెడుతున్నా."

"అట్టాగా. విస్తరి కూడా వెయ్యి మరి. కాస్త పెరుగు పొయ్యి."

ఆ రోజుల్లోనే గీతాంజలి మేడం స్కూటీ మీద మా ఊరికి రావడం మొదలుపెట్టింది. ప్రకృతి వ్యవసాయం నేర్పే ఉద్యోగం ఆమెది. వయసులో నాకంటే పెద్దేమీ కాదు, అయినా అందరం మేడం అనేవాళ్ళం. ఆవు పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుల పిండి నీళ్ళల్లో కలిపి జీవామృతం ఎలా చెయ్యాలో మావయ్యకి నేర్పింది ఆమే. అత్తకి ఇందులో ఒక్క బెల్లం సంగతే నచ్చలేదు.

"ఇంట్లో టీలోకి చక్కెర లేక చప్పగా తాగతంటే, నీ డ్రమ్ముకి బెల్లమా?"

"డ్రమ్ము అలగదే. నువ్వు అలుగుతావు, మళ్ళీ నువ్వే సర్దుకుంటావు. అదట్టా కాదు. పులవకపోతే పులవదు."

ఇన్నీ కలిపాక చివర్లో ఒక పిడికెడు మట్టి వెయ్యాలి. మందులూ ఎరువులూ ఎన్నడూ పడని చోటి మట్టి. పాలకి తోడు లాంటిది అది. ఆ మట్టి కోసం మావయ్య ఊరంతా తిరిగాడు. చేలల్లో సరే, గట్ల మీద కూడా గడ్డి మందు కొట్టేశారు. బడి ఆవరణలో కొట్టారు. చెరువు కట్ట మీద కొట్టారు. నలుగురు నడిచే దారి పక్కన ఎక్కడ గడ్డి కనిపించినా కొట్టారు. చివరికి మా సమాధుల దొడ్డికి వెళ్ళి, వాళ్ళ నాన్న సొలొమోను సమాధి పక్కన గడ్డి తప్పించి, ఒక పిడికెడు మట్టి తెచ్చాడు. ఊరు మొత్తంలో చావని నేల అదొక్కటే మిగిలింది.

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మీ నాన్నని తెచ్చి డ్రమ్ములో కలుపుతావా?"

"బతికున్నన్నాళ్ళూ ఆయన్ని ఏ చేలోనూ నిలవనియ్యలా. ఇప్పుడన్నా పోనీ" అన్నాడు మావయ్య, కర్రతో డ్రమ్ము కలుపుతూ.

మొదటి ఏడు పంట రాలేదు. కంది పూత మీద పురుగు పడితే వేపగింజల కషాయం కొట్టాడు, పురుగు ఆ చేదుకి అలవాటు పడ్డట్టే తిన్నది. అత్త కూలికి వెళ్ళి ఇల్లు నడిపింది. "నీ నేలకి ఆకలి తీరింది గానీ మన సంగతేంది?" అని రోజూ అడిగేది. అట్లాంటి రోజుల్లో ఆయన మళ్ళీ ట్యాంకు ఎత్తుకుని ఊళ్ళోవాళ్ళ తోటలకి మందు కొట్టడానికి పోయేవాడు. తన చేలో కొట్టని మందు పక్కవాడి చేలో కొట్టి, ఆ కూలితో డ్రమ్ముకి బెల్లం తెచ్చేవాడు. నేను వెక్కిరిస్తే, "పాస్టరు గారు కూడా పెళ్ళీ చేస్తాడు, సమాధీ చేస్తాడు. పని పనే" అనేవాడు.

తర్వాత్తర్వాత నేల మారింది. ఒక్కసారిగా కాదు. మొదట రంగు. తెల్లగా ఉండేది బూడిద రంగుకి, అక్కడి నుంచి నలుపుకి తిరిగింది. తర్వాత వాసన. తర్వాత వానపాములు. అవి కనపడిన వారం మావయ్య ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచి, వానపాముల గురించే చెప్పుకుంటూ పోతే, పాస్టరు గారు "ఇంక చాలు బ్రదర్, దేవునికి స్తోత్రం" అని కూర్చోబెట్టారు. ఒక ఏడు పంటకాలం మధ్యలో తుఫాను పట్టింది. చుట్టూ పత్తి చేలు నీళ్ళు నిలిచి ఉరకెత్తి, ఆకులు వేలాడేసి, నిలబడ్డచోటే చచ్చాయి. మావయ్య చేలో నీళ్ళు మర్నాటికి ఇంకిపోయాయి. ఆయన మిర్చి పచ్చగా నిలబడింది. అప్పటిదాకా పెరుగు పొయ్యమన్నవాళ్ళు వచ్చి, వంగి, మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూశారు.

నేనూ నలిపి చూశాను. అబద్ధం చెప్పడం దేనికి, నాకూ ఆశ పుట్టింది.

ఆ మరుసటి పంటకి గీతాంజలి మేడం తన పై అధికారుల్ని తీసుకొచ్చి చేను చూపించింది. వాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. చేను దగ్గర బోర్డు పెట్టాలన్నారు. మిగతా కౌలు చేలలో ఇట్లాంటి బోర్డులు ఉంటే వాటి మీద ఆసామి పేరే ఉంటుంది. ఆసామి ఆ చేను మొహం చూసి ఎన్నేళ్ళయినా సరే, రైతు అన్న చోట ఆయన పేరే రాస్తారు. చేసేవాడే ఆ పేరు చెబుతాడు. ఎవరూ బలవంతం చెయ్యరు, అలా అలవాటైపోయింది. మేడం కూడా అలాగే అడిగింది.

"ఎవరి పేరు రాయించమంటారు బాలస్వామి గారూ? ఓనరు గారి పేరేంటి?"

మావయ్య చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. తర్వాత, "నా పేరు రాయండమ్మా" అన్నాడు.

అత్త గట్టు మీద నుంచే కేకేసింది. "ఎందుకయ్యా ఇప్పుడు? ఆయన పేరు చెప్పు. పెద్దాయన వీరరాఘవయ్య గారు పోయి ఏడాది కూడా కాలా, ఆ కొడుకు ఎట్టాంటోడో ఏందో."

"రాళ్ళేరింది నువ్వూ నేనూ. వాళ్ళబ్బాయి వచ్చి ఒక్క రాయన్నా ఏరాడా?"

"ఏరింది మనవేలే. చేను మనది కాదుగా."

"చేను మనదని ఎవరన్నారే? పేరు మనది." మేడం వైపు తిరిగి, "సొలొమోను గారి బాలస్వామి అని నిండుగా రాయించండమ్మా. ఊళ్ళో ఇంకో బాలస్వామి ఉన్నాడు, వాడనుకుంటారు" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. చప్పట్లు కొట్టినంత పని చేశాను. ఆ బోర్డు ఆకుపచ్చ రేకు మీద తెల్లటి అక్షరాలతో వచ్చింది. సర్వే నంబరు, పంట పేరు, కింద రైతు అని, ఎదురుగా మావయ్య పేరు. మావయ్య ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుని దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు. ఆయనకి రేషను కార్డు మీద, ఆధార్ మీద తప్ప ఇంకెక్కడా అచ్చులో పేరు లేదు.

ఆ ఫొటో ఫోన్ల మీద తిరిగి తిరిగి నందిగామ చేరింది. వీరరాఘవయ్య గారి కొడుకు సతీష్‌బాబుకి నందిగామలో సిమెంటు దుకాణం ఉంది. చేను ఎక్కడుందో ఆయనకి సరిగ్గా తెలియదు. ఊళ్ళోకి వచ్చి దారి అడిగి చేనుకి వచ్చాడు. కారు దిగి చాలాసేపు చేను వైపే చూశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఇది మన సుద్ద చెలకేనా?"

"అదేనండి."

"మా నాన్న దీన్ని ఊరికే ఇస్తానన్నా ఎవడూ కొనడు అనేవాడు. ఎట్టా చేశావు బాలస్వామీ?"

మావయ్య పొంగిపోయాడు. గొర్రెల దగ్గర నుంచి మొదలుపెట్టి జనుము, మట్టి, డ్రమ్ము అన్నీ చెప్పాడు. పారతో ఒక మట్టి పెళ్ళ తిరగేసి వానపాముల్ని చూపించాడు. సమాధి మట్టి సంగతి కూడా చెప్పబోతే అత్త దగ్గి ఆపింది. సతీష్‌బాబు అంతా శ్రద్ధగా విన్నాడు. విని, బోర్డు వైపు చెయ్యి చూపించాడు.

"ఇది ఎవరు పెట్టారు?"

"ఆఫీసోళ్ళండి."

"సర్వే నంబరు నాది. పేరు నీది. రేపు పదిమంది చూస్తే ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారండీ? చేసేవాడి పేరనుకుంటారు."

"అనుకునేవాళ్ళందరూ నీలాంటోళ్ళయితే బాగానే ఉండేది." ఆయన గొంతు పెంచలేదు. "నీ మీద నాకు అనుమానం లేదు బాలస్వామీ. మా నాన్న దగ్గర నుంచి ఉన్నోడివి. కానీ రోజులు అట్టాంటివి. తీసెయ్యి."

మావయ్య అప్పటికప్పుడే పార పెట్టి బోర్డు పెకలించాడు. అది ఇంటికి తెచ్చి కోళ్ళ గూడుకి తలుపుగా కట్టాడు. అక్షరాలు లోపలి వైపుకి తిప్పాడు. దాంతో అయిపోయిందనుకున్నాడు.

ఉగాది నాడు మావయ్య నందిగామ వెళ్ళాడు. తోడుగా నన్ను రమ్మన్నాడు. సతీష్‌బాబు ఇంట్లో పచ్చడి పెట్టారు, మంచినీళ్ళు ఇచ్చారు. కుర్చీలు కూడా వేశారు, ఇది మాత్రం కొత్త. కుర్చీ చూడగానే నాకు అనుమానం వచ్చింది.

"ఆ చెలక చందర్లపాడు ఆయన మిర్చికి అడిగాడు బాలస్వామీ" అన్నాడు సతీష్‌బాబు. "మాటిచ్చేశా. నువ్వేం బెంగపెట్టుకోకు. రోడ్డు పక్కన మాకు రాళ్ళ చెలక ఇంకోటుంది. అది నీకిస్తా. నీ చేతిలో ఏదో మహిముంది. దాన్ని కూడా ఇట్టాగే బాగుచెయ్యి."

మావయ్యకి వెంటనే అర్థం కాలేదు. "ఆ చేలో నేల ఇప్పుడిప్పుడే దారికొచ్చిందండి. ఇంకో రెండేళ్ళు..."

"వచ్చింది కాబట్టే గదా అడుగుతున్నారు."

"ఆయన మందులు కొడతాడేమోనండి. గడ్డి మందు పడితే లోపల ఉన్నయ్యన్నీ చస్తాయి."

"ఆయన పంట ఆయనిష్టం. నేనెట్టా చెబుతాను?"

నేను ఉండబట్టలేక, "ఆ నేలని బాగు చేసింది ఈయనండీ" అన్నాను.

సతీష్‌బాబు నా వైపు తిరిగాడు. "కాదన్నానా బాబూ? అందుకే గదా ఇంకోటి ఇస్తున్నా. ఇంకొకరైతే పొమ్మందురు."

అది నిజం. ఇంకొకరైతే పొమ్మనేవారు. ఆయన చెడ్డవాడైతే నాకు ఈ కథ చెప్పడం తేలికయ్యేది. ఆయన మావయ్య భుజం తట్టి, బస్టాండు దాకా బండి మీద దింపమని దుకాణంలో కుర్రాడికి చెప్పాడు. మావయ్య వద్దని నడిచాడు.

దారిలో నేను, కౌలుకి చేసేవాడికి సర్కారు ఇచ్చే కౌలు కార్డు సంగతి ఎత్తాను. "దానికి ఆసామి సంతకం కావాలి గదరా" అన్నాడు మావయ్య. గీతాంజలి మేడంకి ఫోన్ చేశాను. "నేను ఓనరు పేరే అడిగానండీ మొదట" అంది. అది కూడా నిజమే.

ఇంటికి చేరేసరికి అత్తకి కబురు అందింది. ఆమె ఏడవలేదు, తిట్టింది. "నువ్వు తోలిన మట్టి నువ్వు ఎత్తుకురా. ట్రాక్టరు పెట్టు. వాళ్ళ సుద్ద వాళ్ళకి వదిలేసి రా."

మావయ్య మర్నాడు నిజంగానే పార పట్టుకుని చేనుకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. ఓ మూల తవ్వి, మట్టి అరచేతిలో పోసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, పారేశాడు. "చెరువుది ఏదో చేనుది ఏదో తెలవట్లేదురా" అన్నాడు. "కలిసిపోయింది." పార భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. ఆ పూట అన్నం తినలేదు.

చందర్లపాడు ఆయన జూన్‌లోనే చేలోకి దిగాడు. ముందు గడ్డి మందు కొట్టించాడు. ఊళ్ళో మందు బాగా కొట్టేవాడెవరని అడిగితే ఎవరో మావయ్య పేరు చెప్పారు. కొత్త మనిషి కాబట్టి ఏమీ తెలియక నేరుగా మావయ్య ఇంటికే వచ్చి పిలిచాడు. మావయ్య జ్వరమని చెప్పి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఇంకెవరో వెళ్ళి కొట్టారు. పది రోజులకి చేను ఎర్రగా మాడి, శుభ్రంగా తయారైంది. శుభ్రం అనే అంటారు మా వైపు.

మావయ్య ఆ దారిన పోవడం మానేశాడు. చాలా రోజులు ఏ చేనూ చెయ్యనన్నాడు. కూలికి పోయాడు. తర్వాత, మళ్ళీ ఉగాది దగ్గర పడుతుండగా, ఒక సాయంత్రం సమాధుల దొడ్డి వైపు నుంచి పిడికిలి మూసుకుని రావడం చూశాను. ఇంటి వెనక డ్రమ్ము మళ్ళీ కడిగి ఉంది. రోడ్డు పక్క చెలకకి ఒప్పుకున్నాడు.

"ఎందుకు మావయ్యా? ఇదీ బాగుపడిందంటే మళ్ళీ ఇంతేగా?"

"నాకు తెలుసులే" అన్నాడు. "నువ్వు చదువుకున్నోడివి, నీకు ఆలస్యంగా తెలిసింది. నాకూ ఆలస్యంగానే తెలిసింది. ఈసారి కనపడకుండా చేస్తా."

మొదట నాకు అర్థం కాలేదు. సతీష్‌బాబు ఫ్యాక్టరీ దగ్గర సిమెంటు లోడు మాట్లాడుకోవడానికి ఈ రోడ్డు మీదే పోతుంటాడు. కారులోంచి చూసేవాడికి చేను అంటే రోడ్డు వైపు నాలుగు సాళ్ళే. అందుకని మావయ్య ఆ సాళ్ళకి పెంట వెయ్యలేదు. అక్కడి రాళ్ళు ఏరలేదు. జీవామృతం పొయ్యలేదు. జనుము లోపలి వైపు మాత్రమే చల్లాడు. రోడ్డు పక్కన వేసిన కంది గిడసబారి, పసుపు పచ్చగా, సిమెంటు దుమ్ము కప్పుకుని దిక్కులేనిదానిలా నిలబడింది. దాని వెనక, గట్టు దిగి లోపలికి వెళ్తే, నేల అప్పుడే మెత్తబడుతోంది. గీతాంజలి మేడం ఒకసారి వచ్చి చూసి మళ్ళీ అధికారుల్ని తీసుకొస్తానంది. "వద్దమ్మా, నీకు దణ్ణం పెడతా. నువ్వు కూడా స్కూటీ లోపల పెట్టి రా" అన్నాడు.

అత్త నవ్వింది, చాలా రోజుల తర్వాత. "దొంగసారా కాసేవాడిలాగ ఉన్నావయ్యా."

కానీ ఆ చేను వాలు రోడ్డు వైపుకే ఉంది. అది ఆయన లెక్కలో లేదు. సెప్టెంబరులో ముసురు పట్టి కురిసిన వానలకి లోపలి నుంచి మెత్తటి మట్టీ, పెంట రసమూ కొట్టుకొచ్చి రోడ్డు వైపు సాళ్ళలో నిలిచింది. వాన తెరిపిచ్చాక వెళ్తే, నలుపు తిరిగిన ఆకుపచ్చ రంగులో కంది నా భుజాల దాకా లేచి ఉంది. దుమ్ము కూడా కడుక్కుపోయింది. రోడ్డు మీద పోయే ఎవరైనా తల తిప్పి చూసేలా ఉంది.

మావయ్య ఆ సాళ్ళలో వంగి మొక్కలు పీకుతున్నాడు. తెగులు పట్టినవి కావు. ఏపుగా, గుబురుగా ఉన్నవి ఏరి ఏరి పీకుతున్నాడు. తడి నేలలోంచి వేళ్ళు తేలిగ్గా రావడం లేదు, లోతుగా దిగాయి. రెండు చేతులతో పట్టి లాగుతున్నాడు. పిల్ల వేళ్ళకి మట్టి ముద్దలు పట్టుకుని వస్తున్నాయి.

"మావయ్యా!"

"ఎక్కువొచ్చేసిందిరా ఈ వైపు" అన్నాడు తలెత్తకుండా. "పలచగా కనపడాలి."

వెనక నుంచి కారు శబ్దం వచ్చింది. ఆయన చటుక్కున నిటారుగా నిలబడి, చేతిలో మొక్కని వీపు వెనక దాచుకున్నాడు. ఎవరిదో తెల్ల కారు. ఆగకుండా పోయింది. ఆయన ఇంకాసేపు అలాగే నిలబడి, దాచిన మొక్కని ముందుకి తెచ్చి, వేళ్ళని చూసి, మట్టి దులిపాడు. అప్పటికే పీకి కుప్ప పెట్టిన మొక్కలన్నీ చంకలో ఇరికించుకుని లోపలి సాళ్ళ వైపు నడిచాడు.

"ఎందుకవి? పారెయ్యక" అన్నాను.

"బంగారం లాంటి పచ్చిరొట్టరా. పారేస్తారా ఎవరన్నా?"

సాళ్ళ మధ్య వాటిని ఒత్తుగా పరిచి కాలితో అదిమాడు. అవి అక్కడ కుళ్ళి నేలని ఇంకా బాగు చేస్తాయి. పైరుకి ఇంకా పచ్చదనం వస్తుంది. వచ్చే వానకి అదంతా మళ్ళీ రోడ్డు వైపుకే జారుతుంది. ఈ సంగతి నేను ఆయనకి చెప్పలేదు. ఆయన తిరిగి వచ్చి తర్వాతి మొక్క మొదలు పట్టుకున్నాడు.